భాస్వరతత్త్వవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము

మహాసభకు విచ్చేసిన సోదరులకును, సంఘమునకు ద్రవ్యసహాయ మొనర్చుచున్న పోషకులకును సుబ్బారావుగారి పేరు క్రొత్తది గాదు. ఆ పేరు వినగానే ఫోలికామ్లము, బోదకాలు మందు, క్యాన్సరు మందు జ్ఞాపకమునకు వచ్చుట సహజము. అవి యన్నియు వారి కడపటి యెనిమిదేండ్ల పంట. అంతకు బూర్వము, ముప్పదియేండ్ల ప్రాయమున, పరదేశమున నొక పరిశోధనశాలలో గూర్చుండి మాంసఖండముల రసములో భాస్వరమును లెక్కగట్టుచు వారు కనుగొనిన సంగతి యింతకంటె మూలమైనది. కాని దానిని మనవారు తక్కువగా జెప్పుకొందురు. ఈ వ్యాసమున దానికే యెక్కువ చోటిచ్చుచున్నాను. చదువరులు మన్నింతురుగాక.

1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీని భీమవరమున జగన్నాథము, వెంకమ్మ యను దంపతులకు సుబ్బారావుగారు జన్మించిరి. తండ్రి రెవిన్యూశాఖలో నుద్యోగి. అనారోగ్యముచే గడువునకు ముందే పని మానుకొనెను. సంతానము మెండు, రాబడి కొంచెము. బాలునకు జదువుపై మనసు నిలువలేదు. పదుమూడేండ్ల వయసున, కాశికి బోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనికుడు గావలెనని యిల్లు విడిచి బయలుదేఱగా నడుమనే పట్టి తెచ్చిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమాఱులు తప్పి, మూడవమాఱు మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో జదువుచుండగా రామకృష్ణమఠమువారి సాంగత్యము గలిగి సన్న్యసింపగోరిరి; తల్లి సమ్మతింపలేదు. సన్న్యాసము లేకున్నను సేవ చేయవచ్చునుగదా యని వైద్యవిద్యకు దిగిరి.

మదరాసు వైద్యకళాశాలలో నుండగా గాంధీమహాత్ముని పిలుపు విని ఖద్దరు కట్టిరి. శస్త్రచికిత్సాశాలలో గూడ ఖద్దరు అంగీతోనే నిలుచుట దొరగారైన ఆచార్యునకు రుచింపలేదు. వ్రాతపరీక్షలందు బాగుగనే నెగ్గినను సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. అంగీ గుడ్డ మార్చుకొన్నచో నా చిక్కు లేకపోయెడిది. వారు మార్చుకొనలేదు.

వివాహము 1919 లో జరిగెను. భార్య శేషగిరిగారు, మామగారు అనపర్తి నివాసులగు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు. ఆ దినములలోనే వారి యింట సంగ్రహణి ప్రవేశించి యిద్దఱన్నదమ్ములను మ్రింగినది. సుబ్బారావుగారికిని ఆ రోగము సోకగా, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికి బయటపడిరి. ఆ కృతజ్ఞతతోనో, ఆ వైద్యములోని గుట్టు తెలిసికొనవలెనను పట్టుదలతోనో, లక్ష్మీపతిగారి ఆయుర్వేదకళాశాలలోనే శరీరశాస్త్రోపాధ్యాయులుగా జేరిరి. దేహములో నేమి లోపించి సంగ్రహణి వచ్చును? ఈ ప్రశ్న వారిని జీవితాంతము విడువలేదు.

అమెరికాకు బోవుటకు ద్రవ్యము గావలెను. మామగారు కొంత సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగనాయకర్ ధర్మసంస్థవారు తోడ్పాటునకు మాట యిచ్చిరి. రంగూనులో గడించిన ధనమును విద్యాదానమునకు విడిచిపోయిన ఆ మహాదాత కులము వేఱు, సుబ్బారావుగారి కులము వేఱు. కులసంఘపు సంచికలో నీ మాట వ్రాయుట కొందఱకు వింతగా దోపవచ్చును. కాని నిజము దాచుట మన పోషకులకే గౌరవము గాదు.

గర్భవతియైన భార్యను పుట్టినింట విడిచి యోడ యెక్కినవారు బోస్టను నగరము చేరునప్పటికి చేతిలో మిగిలినది స్వల్పము. హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండలవైద్యశాలలో జదువుచు, రాత్రులందొక యాసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు కూలిపని చేసి పొట్టపోసికొనిరి. ఇచట బుట్టిన కుమారుడు తండ్రి మొగమెఱుగకయే శైశవమున గతించెను. చదువు ముగిసినపిదప ఓటో ఫోలిన్ ఆచార్యుని జీవరసాయనశాఖలో జేరి, సైరస్ ఫిస్కే యను పండితునితో గలసి పనికి గడంగిరి.

ఆ పని యేమన, రక్తమందును కండరమందును గల భాస్వరమును గొలుచుట. మాలిబ్డేటను లవణమును ఆమ్లముతో గలిపి, ఫాస్ఫేటున్న ద్రవమున బోసినయెడల రెండును గూడి యొక సంయుక్తద్రవ్య మగును. దానికి అమైనోనాఫ్తాల్ సల్ఫోనికామ్లమును జేర్చినచో నీలివన్నె పొడసూపును. నీలిమ యెంత గాఢమో ఫాస్ఫేటంత యధికము. ఈ పద్ధతిని ఫిస్కే, సుబ్బారావుగార్లు 1925 లో బ్రకటించిరి. నేటికిని అది వారిరువురి పేరిటనే వ్యవహరింపబడుచున్నది.

కొలబద్ద చక్కగా నున్నప్పుడే వింతలు బయటపడును. రక్తరసముతో జేసిన పరీక్షలో నీలివన్నె శీఘ్రముగా వచ్చి నిలిచిపోయెడిది. క్రొత్తగా దీసిన కండరపు రసముతో జేసినప్పుడట్లుగాక, నిమిషములు గడచినకొలది యింక నింక ముదురుచుండెను. మఱియొకరైనచో పరీక్ష చెడినదని పాఱబోసియుందురు. వీరు పాఱబోయలేదు. కండరములో నేదో సులభముగా విడిపోవు భాస్వరపదార్థ మున్నదనియు, పరీక్షలోని ఆమ్లమే దానిని మెల్లమెల్లగా విడదీసి ఫాస్ఫేటును బయటికి విడుచుచున్నదనియు గ్రహించిరి. అదియే ఫాస్ఫోక్రియాటిను. 1927 లో దానిని లోకమున కెఱిగించిరి. కండరము పని చేయునపుడది తఱుగును. విశ్రమించినపుడు మరల బెరుగును. అదే కాలమున ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును ఈ పదార్థపు జాడ పట్టిరి.

రెండేండ్లకు, 1929 లో, అంతకంటె ముఖ్యమైనది చిక్కెను. ఒక యడినోసినునకు మూడు ఫాస్ఫేటులు వరుసగా దగిలించుకొనిన పదార్థమది. అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, పొట్టిగా ఏ.టి.పి. జర్మనీలో కార్ల్ లోమాన్ అను పండితుడు నదే యేట స్వతంత్రముగా దానిని గనుగొనెను. గ్రంథములలో దఱచుగా ఆయన పేరే ముందు వచ్చును. కండరము లాక్టికామ్లముచేతనే కదలునను మతమునకు మూలమైన పరిశోధనలు చేసినందుకు హిల్, మయ్యర్‌హాఫ్ పండితులకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. ఆ మతము నిలువదని యీ భాస్వరపదార్థములు తేల్చినవి. 1930 లో లుండ్‌స్‌గార్డ్ అను డెన్మార్కు పండితుడు లాక్టికామ్లము పుట్టకుండ జేసిన కండరము సయితము ముడుచుకొనునని చూపెను. ఆ యేటనే సుబ్బారావుగారికి హార్వర్డు పిఎచ్.డి. పట్టమిచ్చెను.

ఏ.టి.పి. కండరమునకు బలమిచ్చు పదార్థమని పాఠశాలలో జెప్పుదురు. అది నిజమే గాని సగము నిజము. దాని మూడవ ఫాస్ఫేటు ఊడి వేఱొక మాంసకృత్తునకు దగుల్కొనినప్పుడు, ఆ మాంసకృత్తు నడవడియే మాఱిపోవును. దీనినే ఫాస్ఫారిలేషన్ అందురు. ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్ అను వారలు సియాటిల్ నగరమున 1955 ప్రాంతమున దీనిని మొదట స్థాపించి, 1992 లో నోబెల్ బహుమాన మందిరి. ఫాస్ఫేటును దగిలించు మాంసకృత్తునకు కైనేజని పేరు. ఊడదీయుదానికి ఫాస్ఫటేజని పేరు. తగిలించు చేయి, తీయు చేయి రెండును నిరంతరము పని చేయుచుండుటచేతనే కణము కదలుచున్నది, నిలుచుచున్నది.

దీని మహిమ యెక్కువగా దెలియునది మన గుండెలోనే. భయము గలిగినప్పుడు అడ్రినలిను రక్తమున జేరి గుండె దడదడలాడును. అడ్రినలిను కణములోనికి బోదు. కణపుపొరపై దాని కొఱకు గ్రాహకమను మాంసకృత్తు గలదు. ఆ పొరను ఏడుమాఱులు గ్రుచ్చుకొని లోపలికిని వెలుపలికిని వంకరలు తిరిగియుండును. వెలుపల నడ్రినలిను వచ్చి కూర్చుండగానే లోపలి భాగము రూపు మార్చుకొని, ప్రక్కనున్న జి ప్రోటీనును బట్టుకొనును. జి ప్రోటీను నిద్రించుచున్నపుడు జి.డి.పి. యను పదార్థమును గఱచికొని యుండును. గ్రాహకము తాకగానే దానిని విడిచి జి.టి.పి. ని దీసికొని, రెండు ముక్కలై విడిపోవును. ఒక ముక్క ప్రక్క యంత్రమును దట్టిలేపగా, అది ఏ.టి.పి. నుండి సైక్లిక్ ఏ.ఎం.పి. యను వార్తాహరుని బుట్టించును. ఆ వార్తాహరుడు కైనేజు ఏ యను దానిని మేల్కొలుపును. ఆ కైనేజు మఱల ఏ.టి.పి. ఫాస్ఫేటును దీసి యనేకస్థానముల నంటించును. గుండె వేగము హెచ్చును. సైక్లిక్ ఏ.ఎం.పి. ని గనుగొనినది ఎర్ల్ సదర్లండ్. జి ప్రోటీనుల గనుగొనినవారు రాడ్‌బెల్, గిల్మన్ గార్లు. మొదటివానికి 1971 లోను, ఇరువురకు 1994 లోను నోబెల్ బహుమానములు వచ్చినవి. అందఱును సుబ్బారావుగారి యనంతరమున బ్రకటించినవారే.

ఇంతవఱకు వార్త చేరు విధము. కాని చేరిన వార్త ఆగవలదా? భయము తీఱినను గుండె దడ దీఱకున్న మనిషి బ్రదుకునా? గోదావరి కాలువలపై లాకు తలుపులు తెఱచుట యొక పని, మూయుట యొక పని. మూయువాడు లేనియెడల చేలు మునుగును. ఇచట మూయుట ఫాస్ఫేటు చేతనే జరుగుచున్నది. మొదటి మార్గ మిది: మేల్కొనిన కైనేజు ఏ వెనుదిరిగి, తన్ను లేపిన గ్రాహకమునకే లోపలివైపున ఫాస్ఫేటు నంటించును. అంటినచోట జి ప్రోటీను పట్టు సడలును. ఈ మార్గము విచక్షణ లేనిది. అడ్రినలిను కూర్చుండిన గ్రాహకమనియు, ఖాళీగా నున్నదనియు జూడక రెంటిని మొద్దుబఱచును. విచిత్రమేమన, అట్లంటిన గ్రాహకము కొన్నియెడల గుండెను హెచ్చించు జి ప్రోటీనును విడిచి, తగ్గించు జి ప్రోటీనును బట్టుకొనునని 1997 లో దేలినది.

రెండవ మార్గము సూక్ష్మతరము. డర్హాము నగరమున లెఫ్‌కోవిట్జ్ పండితుని పరిశోధనశాలలో 1986 లో నొక క్రొత్త కైనేజు దొరకెను. అడ్రినలిను కూర్చుండియున్న గ్రాహకమునే అది వెదకి పట్టును, ఖాళీదానిని ముట్టదు. గ్రాహకపు లోపలితోకలో సెరిను, త్రియోనిను అను అమైనామ్లములపై ఫాస్ఫేటుల నంటించును. దానిని కణపుపొరకు దోడ్కొనివచ్చునది, ఇంతకుముందు విడిపోయిన జి ప్రోటీను రెండవ ముక్కయే. వార్తను మోసికొనిపోయినదే నోరుమూయువానిని గూడ బిలుచుచున్నదన్నమాట.

అచ్చటనే యొక చిక్కు వచ్చెను. ఆ కైనేజును శుద్ధి చేయుకొలది, గ్రాహకమును మొద్దుబఱచు శక్తి దగ్గిపోసాగెను. ఫాస్ఫేటు లంటుచున్నవి, అయినను జి ప్రోటీను పట్టు తగినంత సడలుటలేదు. శుద్ధిచేయుటలో నేదో తోడుద్రవ్యము జాఱిపోయినదని గ్రహించిరి. త్రోవ చూపినది కన్ను. నేత్రమందలి రొడాప్సినును నీ జాతి గ్రాహకమే. దానికి వార్త అడ్రినలిను గాదు, వెలుతురు. వెలుతురు పడిన రొడాప్సినున కొక కైనేజు ఫాస్ఫేటులంటించిన పిదప, అరెస్టినను మాంసకృత్తు వచ్చి దానిపై మూతవలె గూర్చుండి జి ప్రోటీనును దగ్గఱకు రానీయదని యంతకు మునుపే తెలిసియుండెను. అట్టిదే దేహమంతటను గలదని వెదకి 1990 లో బీటా అరెస్టినును బట్టిరి. కావున ఫాస్ఫేటు అడ్డుగోడ కాదు. అడ్డుగోడ నిలుచుటకు వేసిన గుర్తు. గుర్తున్నచోటనే అరెస్టిను గట్టిగా బట్టును. తరువాత నది గ్రాహకమును కణములోనికి లాగికొనిపోవును. అచట ఫాస్ఫటేజు ఫాస్ఫేటులను గడిగివేయగా గ్రాహకము మరల పైకి వచ్చి కొత్త వార్తకు సిద్ధమగును. వార్త దినములతరబడి యాగకుండ వచ్చుచున్నచో గ్రాహకములు పైకి రాక లోపలనే జీర్ణమైపోవును. ఈ గ్రాహకతత్త్వమునకు లెఫ్‌కోవిట్జ్, కొబిల్కా గార్లకు 2012 లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఇది పండితుల వినోదమని యెవరైన ననుకొందురేమో. జపానులో 1907 నుండి ఓగుచి రోగమను పుట్టురేచీకటి యెఱుకలో నున్నది. వెలుతురునుండి చీకటిలోనికి బోయినవారికి మనకు నిమిషములలో గలుగు చూపు, వారికి గంటలకుగాని కలుగదు. కంటి అరెస్టినో, కంటి కైనేజో పుట్టుకతో జెడియుండుటయే దానికి గారణము. వెలుతురు ఆగినను వార్త ఆగదు. ఉబ్బసముగలవారు సాల్బుటమాలువంటి మందును మాటిమాటికి బీల్చినచో దాని పస కొంత తగ్గుటకును గ్రాహకము మొద్దుబాఱుటయే కారణము. బలహీనపడిన గుండె మాట మఱియు దారుణము. గుండె సరిగా గొట్టుకొననందున దేహ మడ్రినలినుతో దానిని కొరడాపెట్టును. దెబ్బలకు గ్రాహకములు తఱుగును, కైనేజు హెచ్చును, ఎంత పిలిచినను గుండె పలుకదు. అట్టివానికి అడ్రినలినును అడ్డగించు బీటాబ్లాకరులు విషమని వైద్యులు చిరకాలము భయపడిరి. 1999 నాటికి పెద్దపరీక్షలు ముగిసి, మెల్లమెల్లగా హెచ్చించి యిచ్చినచో ఆ మందులే ప్రాణములు గాచునని స్థిరపడెను. కొరడా ఆగినపిమ్మట మొద్దుబాఱిన గ్రాహకము కొంత తేఱుకొనుట దానికొక కారణము.

ఈ కథలో నడుగడుగున ఖర్చగునది ఏ.టి.పి. వార్తాహరుని బుట్టించుటకదియే, గుండెను తోలుట కదియే, గ్రాహకము నోరు మూయుట కదియే, జి.టి.పి. కి మూడవ ఫాస్ఫేటు సయితము ఏ.టి.పి. యిచ్చినదే.

ఇక వారి చరిత్ర. ఇంత చేసినను హార్వర్డువారు సుబ్బారావుగారికి స్థిరోద్యోగ మీయలేదు. కండరములనుండియు కార్జమునుండియు దీసిన పదార్థములలో కొన్నింటిని ఫిస్కేగారు ప్రకటింపనీయలేదనియు, వానిని తరువాతివారు మరల గనుగొనవలసివచ్చినదనియు, ఆ శాఖలోనే పనిచేసి పిదప 1988 లో నోబెల్ బహుమానము బడసిన జార్జి హిచ్చింగ్సు చెప్పియున్నాడు. సుబ్బారావుగారు మాత్ర మా విషయమై వీథికెక్కలేదు. నా మట్టుకు, ఎక్కియుండిన బాగుండెడిదని తోచును.

1940 లో న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివరులోని లెడర్లీ పరిశోధనాలయమున జేరి, త్వరలోనే పరిశోధనాధ్యక్షులైరి. 1945 లో వారి బృందమువారు ఫోలికామ్లమును కృత్రిమముగా జేసిరి. అన్నదమ్ములను బలిగొన్న సంగ్రహణికిని, ఒకజాతి పాండురోగమునకును నది మందు. దానికి బ్రతికూలమైన అమినాప్టెరినుతో బోస్టనులో సిడ్నీ ఫార్బరు వైద్యుడు రక్తపుక్యాన్సరుగల బిడ్డలకు కొంతకాలము రోగము సడలింపగలిగెను. దాని చెల్లెలే మెథోట్రెక్సేటు. బోదకాలునకు హెట్రజాను 1947 లో వచ్చెను. డగ్గరు కనుగొనిన ఆరియోమైసిను 1948 జులైలో బ్రకటితమయ్యెను. మఱునెలలోనే, 53 ఏండ్ల ప్రాయమున, సుబ్బారావుగారు రాత్రి పడుకొన్నవారు పడుకొన్నట్లే గుండె యాగి మరణించిరి. అమెరికా పౌరసత్వమును స్వీకరింపలేదు. శేషగిరిగారు భర్తను మరల జూడలేదు.

జన్మశతాబ్దివత్సరమగు 1995 లో మన ప్రభుత్వము వారి బొమ్మతో తపాలాబిళ్ల వేసెను. వైద్యవిద్యార్థులు మొదటియేట జీవరసాయనపు గదిలో గాజుగొట్టములలో మాలిబ్డేటు పోసి, నీలివన్నె పొడసూపువఱకు గడియారము చూచుకొనుచు నిలుచుందురు. వారు చేయుచున్నది ఫిస్కే, సుబ్బారావు పద్ధతి.